ఆపకూడని వేగాలు, ఆపుకోవలసిన మాటలు

మాఘమాసం ప్రవేశించగానే మా వైద్యశాలకు వచ్చేవారి వరుస మారుతుంది. కీళ్ళ నొప్పుల వృద్ధులు, ఉబ్బసం రోగులు కొంత వెనుకకు జరుగుతారు. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు ముందుకు వస్తారు. వారందరూ అడిగేది ఒక్కటే. "జ్ఞాపకశక్తి పెరగడానికి మంచి లేహ్యం ఏదైనా ఇవ్వండి, డాక్టరు గారూ. పరీక్షలు నెల రోజులే ఉన్నాయి."

రెండేళ్ళ క్రితం ఉయ్యూరు ప్రాంతం నుండి ఒక తల్లి తన కుమార్తెతో వచ్చింది. అమ్మాయి బైపీసీ రెండవ సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతున్నది. రాత్రి చదివినది తెల్లవారేసరికి గుర్తుండడం లేదని తల్లి బాధ. నేను నాడి చూసి, తల్లిని కొద్దిసేపు బయట కూర్చోమని, అమ్మాయిని కొన్ని ప్రశ్నలు అడిగాను. నిద్రపోయేది పన్నెండు గంటలకు, లేచేది నాలుగున్నరకు. ఉదయం ఫలహారం తింటే తరగతిలో నిద్ర వస్తుందని మానివేసింది. మధ్యాహ్నానికి కడుపులో మంట. స్టడీ అవరులో లేవనివ్వరని నీళ్ళు తక్కువ తాగుతుంది. మూడు నెలలుగా నెలసరి రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఏడుపు వస్తుందా అమ్మా?" అని అడిగాను.

"వస్తుంది తాతగారూ. ఆపుకుంటాను. హాస్టల్లో ఏడిస్తే అందరూ చూస్తారు. ఇంట్లో ఏడిస్తే అమ్మ ఏడుస్తుంది."

ఆ బిడ్డకు కావలసినది లేహ్యం కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఈ వ్యాసం ఆ అమ్మాయిని గురించి మాత్రమే కాదు. ఇటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటిని గురించి.

కృష్ణాతీరపు చదువుల పంట

మన ప్రాంతంలో ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందో ఒకసారి తలచుకోవాలి. 1986లో రాష్ట్రంలో ఎంసెట్ ప్రవేశ పరీక్ష మొదలైంది. ఆ సంవత్సరమే విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. డెల్టా రైతు తన పిల్లవాడిని డాక్టరుగానో ఇంజనీరుగానో చూడాలని కోరుకోవడం సహజమే. వరి మీద వచ్చిన ఆదాయాన్ని భూమి మీద కంటే చదువు మీద పెట్టడం మంచిదని ఒక తరం నమ్మింది. ఆ నమ్మకం వలన ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి కూడా. దానిని నేను తక్కువ చేయడం లేదు.

కాని ఇప్పుడు బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి, ఈడుపుగల్లు వైపు వెళ్ళినా, ఏలూరు రోడ్డు మీద నిడమానూరు, గూడవల్లి వైపు వెళ్ళినా వరిచేల పక్కన వసతి కళాశాలల ఎత్తయిన భవనాలు కనిపిస్తాయి. పరీక్షలు కూడా పెరిగాయి. ఇంజనీరింగు కోరేవారికి జనవరిలోను, ఏప్రిల్లోను రెండుసార్లు జేఈఈ మెయిన్, మధ్యలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఆపై 2021 నుండి ఈఏపీసెట్ అని పేరు మారిన మన రాష్ట్ర పరీక్ష. వైద్యవిద్య కోరేవారికి 2017 నుండి రాష్ట్ర పరీక్ష లేదు, నీట్ ఒక్కటే. అందులో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. ఒక్క మధ్యాహ్నం మీద రెండేళ్ళ శ్రమ ఆధారపడి ఉంటుంది. పరీక్షల తరువాత కౌన్సెలింగు, వెబ్ ఆప్షన్లు, ఏ కళాశాల ముందు వ్రాయాలి, ఏది వెనుక వ్రాయాలి అన్న చర్చలు. పదహారు పదిహేడేళ్ళ బిడ్డ ఇన్ని నెలలు ఊపిరి బిగబట్టి ఉండవలసి వస్తున్నది.

కొంత ఒత్తిడి మేలే చేస్తుంది. పరీక్ష దగ్గర పడినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలు పెరిగి మెలకువను, శ్రద్ధను ఇస్తాయి. మోతాదు మించినప్పుడు అదే ఒత్తిడి చదివినదాన్ని నోటికి రానివ్వదు. ఈ సంగతిని యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1908లోనే గుర్తించారు. వారాల తరబడి నిద్ర లేక, ఆకలి చెడి, భయంలోనే ఉండే బిడ్డకు ఆ రసాలు విషంతో సమానం.

చరకుడు చెప్పిన పదమూడు

చరక సంహితలో ఒక అధ్యాయం మొత్తం 'వేగధారణ' గురించి ఉన్నది. శరీరంలో సహజంగా పుట్టే వేగాలను బలవంతంగా ఆపరాదని ఆ మహర్షి చెప్పాడు. అటువంటి వేగాలు పదమూడు. మలమూత్రాలు, అపానవాయువు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత మొదలైనవి అందులో ఉన్నాయి. ఆకలి ఉన్నది, దాహం ఉన్నది, నిద్ర ఉన్నది, కన్నీరు కూడా ఉన్నది. కన్నీటిని మూత్రంతో, ఆకలితో సమానంగా లెక్కించి, ఆపితే వ్యాధి వస్తుందని చెప్పడం ఆ శాస్త్రకారుని సూక్ష్మదృష్టికి నిదర్శనం.

ఆ అమ్మాయి దినచర్యను ఈ పట్టికతో పోల్చి చూడండి. ఆకలిని ఆపుతున్నది, దాహాన్ని ఆపుతున్నది, మూత్రాన్ని ఆపుతున్నది, నిద్రను ఆపుతున్నది, కన్నీటిని ఆపుతున్నది. పదమూడింటిలో ఐదు వేగాలను ప్రతిదినమూ ఆపుకొనే శరీరంలో ఏ లేహ్యం పని చేస్తుంది?

అదే అధ్యాయంలో చరకుడు మరొక పట్టిక ఇచ్చాడు. మనిషి తప్పక ఆపుకోవలసిన వేగాలు అవి. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య వంటివి మనస్సుకు సంబంధించినవి. పరుషమైన మాట, మితిమీరిన మాట, చాడీ, అబద్ధం, సమయం కాని సమయంలో పలికిన మాట అనేవి నోటికి సంబంధించినవి.

ఇప్పుడు నిజం చెప్పుకుందాం. మన ఇండ్లలో బిడ్డలు ఆపకూడని వాటిని ఆపుతున్నారు. పెద్దలమైన మనం ఆపుకోవలసిన వాటిని ఆపుకోవడం లేదు.

"పక్కింటి వాళ్ళ అబ్బాయికి మాక్ టెస్టులో ఎన్ని వచ్చాయో చూశావా?" అనడం ఈర్ష్య. "నీ ఫీజు కోసం అర ఎకరం అమ్మాం" అనడం పరుషవాక్యం. అది నిజమే కావచ్చు, కాని ఆ మాట విన్న బిడ్డ ప్రతి ప్రశ్నాపత్రం మీద ఆ అర ఎకరాన్నే చూస్తుంది. అన్నం కలుపుతున్న వేళ మార్కుల గురించి అడగడం అకాలవాక్యం. ఆదివారం హాస్టలుకు క్యారియరు పట్టుకొని వెళ్ళి, మూత తీయకముందే "వారం పరీక్ష ఎలా రాశావు?" అనే తండ్రులను నేను ఎందరినో ఎరుగుదును.

ఎరుగుదును అనడం కూడా చిన్న మాటే. నేనూ వారిలో ఒకడినే. ముప్పై ఏండ్ల క్రితం మా అబ్బాయి ఎంసెట్ వ్రాసిన సంవత్సరం సరస్వతి ఆకు స్వయంగా నూరి, రసం తీసి, తేనెతో కలిపి ప్రతి ఉదయం ఇచ్చేవాడిని. వైద్యుని కొడుకు కనుక అతడు మారు పలకక తాగేవాడు. కోరుకున్న ర్యాంకు రాలేదు. చాలా ఏండ్ల తరువాత, తానూ తండ్రి అయిన పిమ్మట, ఒకనాటి రాత్రి అన్నాడు: "నాన్నగారూ, ఆ సంవత్సరం మీరు రోజూ మందు ఇచ్చారు. ఎలా ఉందిరా అని ఒక్కసారీ అడగలేదు." నా వద్ద జవాబు లేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అది కూడా ఒక కారణం.

ఇంట్లో చేయదగినది

చరకుడు శరీరానికి మూడు ఉపస్తంభాలు చెప్పాడు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. విద్యార్థి విషయంలో మొదటి రెండూ కూలిపోతున్నాయి. వాటిని నిలబెట్టడం ఇంటివారి చేతిలో పని.

నిద్ర. పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో తేల్చింది. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. కనుక నిద్రను కోసి చదవడం విత్తనం చల్లి నీరు కట్టకపోవడం వంటిది. మన డెల్టాలో ప్రతి వేసవిలోను కాలువలు కట్టివేసి గట్లు, లాకులు బాగు చేస్తారు. నీరు ఆగిందని ఆ రోజులను వృథా అనుకునే రైతు లేడు. వచ్చే సార్వాకు నీరు పారేది ఆ మరమ్మతు వలననే. బిడ్డకు రాత్రి నిద్ర అటువంటి మరమ్మతు.

కొందరు పెద్దలు "బ్రాహ్మీముహూర్తంలో లేవమని శాస్త్రమే చెప్పింది కదా" అంటారు. నిజమే, వాగ్భటుడు చెప్పాడు. అయితే ఆ మాట ఆరోగ్యవంతుడిని గురించి చెప్పాడు. పన్నెండింటికి పడుకున్న వాడిని నాలుగింటికి లేపమని ఎక్కడా చెప్పలేదు. రాత్రి జాగరణ శరీరంలో రూక్షగుణాన్ని పెంచుతుందని కూడా ఆయనే హెచ్చరించాడు. తప్పనిసరిగా రాత్రి మేలుకోవలసి వస్తే, మేలుకొన్న కాలంలో సగం, మరునాటి ఉదయం ఏమీ తినకముందు నిద్రపోవచ్చునని దారి చూపాడు. పదింటికి పడుకొని ఆరింటికి లేచే నియమం చాలా మంది పిల్లలకు సరిపోతుంది. సెల్‌ఫోను ఆ గదిలో ఉండరాదు. తల్లిదండ్రుల ఫోను కూడా.

పాదాభ్యంగనం. తల, చెవులు, పాదాలకు నూనె ప్రత్యేకంగా పట్టించాలని వాగ్భటుడు విధించాడు. పడుకునే ముందు ఒక చెంచా నువ్వులనూనె గోరువెచ్చగా చేసి రెండు పాదాలకు పది నిమిషాలు మర్దించి, పాత గుడ్డతో తుడిచివేయాలి. నడిస్తే జారే ప్రమాదం ఉన్నది కనుక తుడవడం మరువరాదు. ఈ పనిని తల్లి గాని, తండ్రి గాని, నాయనమ్మ గాని చేయాలని నా సలహా. ఆ పది నిమిషాలు చదువు మాట ఎత్తరాదు. నూనె చేసే మేలు కొంత, ఆ చేయి చేసే మేలు కొంత. వారానికి ఒకసారి తలంటు మంచిది. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్న రోజున, పరీక్ష రోజున వద్దు.

పాలు. గేదె పాలు నిద్రను కలిగిస్తాయని చరకుడు చెప్పాడు. మన ప్రాంతంలో వాటికి కొరత లేదు. పడుకునే ముందు ఒక గ్లాసు గోరువెచ్చని పాలు, అరుగుదల ఉన్నవారికి, చాలు. అందులో రంగుల డబ్బాల పొడులు కలపనవసరం లేదు.

ఉదయపు ఆహారం. ఫలహారం మానరాదు. రెండు ఇడ్లీలు, లేక ఒక పెసరట్టు, లేక రాగి జావ, లేక రాత్రి అన్నంలో పెరుగు కలిపిన చద్దన్నం, ఏదైనా సరే. సాయంత్రం ఐదింటికి ఒక సున్నుండ గాని నువ్వుల ఉండ గాని ఇస్తే బజారు నూనె వంటకాల మీదికి మనసు పోదు. ఆడపిల్లలకు అలసట, మతిమరుపు, తలతిరుగుడు ఉంటే ముందుగా రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తహీనతను మందబుద్ధి అని పొరబడిన సందర్భాలు నేను చాలా చూశాను. నెలసరి తప్పితే స్త్రీవైద్యురాలికి చూపించాలి.

కాఫీ, టీ. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత వద్దు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని ఉత్తేజకం రాత్రి పదకొండు గంటలకు కూడా రమారమి సగం శరీరంలో మిగిలి ఉంటుంది.

కడుపు మంట. ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర కొద్దిగా నలిపి, గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి తాగించండి. మధ్యాహ్నం భోజనంలో అల్లం, కరివేపాకు వేసిన పల్చని మజ్జిగ ఇవ్వండి. రెండు వారాలలో తగ్గకపోయినా, నల్లని విరేచనం అయినా, బరువు తగ్గుతున్నా ఇంటి వైద్యం ఆపి వైద్యునికి చూపాలి. తలనొప్పి తరచుగా వచ్చే బిడ్డకు కంటి పరీక్ష చేయించడం కూడా అవసరం.

శ్వాస, నడక. నాలుగు అంకెలు లెక్కిస్తూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ మెల్లగా విడవాలి. కుంభకం వద్దు. ఐదు నిమిషాలు చాలు. పరీక్ష గదిలో ప్రశ్నాపత్రం చూసి గుండె దడదడలాడినప్పుడు కూడా ఆరుసార్లు ఇలా చేస్తే దడ నెమ్మదిస్తుంది. ప్రతి సాయంత్రం అరగంట నడక, వీలైతే కాలువ గట్టు మీదనో మేడ మీదనో, పుస్తకం లేకుండా.

మందుల సంగతి

మేధ్య రసాయనాలుగా చరకుడు నాలుగింటిని పేర్కొన్నాడు. మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. వాటి విలువను నేను కాదనను; నా జీవనమే వాటి మీద. కాని వైద్యుని అడగకుండా పిల్లలకు ఇవ్వడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. దానికి కారణాలు చెబుతాను.

బజారులో 'బ్రాహ్మి' పేరుతో రెండు వేరు వేరు మొక్కలు అమ్ముతున్నారు. ఒకటి మన సరస్వతి ఆకు, అనగా మండూకపర్ణి. రెండవది నీటి ఒడ్డున పెరిగే సంబ్రాణి ఆకు. డబ్బా మీద ఏది ఉన్నదో చదివేవారు అరుదు. సంబ్రాణి ఆకు మీద పెద్దవారిలో జరిపిన పరిశోధనలు సాధారణంగా పన్నెండు వారాల పాటు మందు ఇచ్చి చేసినవి. పరీక్షకు నెల ముందు మొదలుపెట్టి ర్యాంకు ఆశించడానికి అందులో ఆధారం లేదు. పైగా కొందరికి అది వికారం, విరేచనాలు కలిగిస్తుంది. పరీక్షల నెలలో కొత్త మందు ఏదీ మొదలుపెట్టరాదు.

అతిమధురం ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. అశ్వగంధ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు వైద్య పత్రికలలో నమోదైంది. థైరాయిడ్ మందులు వాడేవారు దానిని స్వంతంగా వాడరాదు. అన్నిటికంటే ముఖ్యమైనది, 'నిద్ర మాత్రలు' అని ఆయుర్వేదం పేరుతో దొరికే కొన్నింటిలో సర్పగంధ ఉంటుంది. అందులోని రిసర్పిన్ అనే పదార్థం మనోవ్యాకులతను పెంచగలదు. దిగులుతో ఉన్న బిడ్డకు దానిని ఇవ్వడం ప్రమాదకరం. మూలికలు గనుక హాని లేదు అనే మాటను పాఠకులు మరచిపోవాలి.

ఇంటి వైద్యం ఆగవలసిన చోటు

పరీక్షల భయం వేరు, మనోవ్యాధి వేరు. రెండు వారాలకు మించి బిడ్డ ముభావంగా ఉండి, ఇష్టమైన వాటిని వదిలివేసి, తినడం, నిద్రపోవడం పూర్తిగా మారిపోతే. "నా వలన మీకు భారం", "నేను లేకపోతే మంచిది" వంటి మాటలు మాట్లాడితే. ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచివేస్తే. తనను తాను గాయపరచుకుంటే, అది లేహ్యాలకు, కషాయాలకు సంబంధించిన విషయం కాదు. ఆయుర్వేద వైద్యుడినైన నేనే చెబుతున్నాను, ఆ రోజే మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ విభాగం ఉంటుంది. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డే చేయవచ్చు, తల్లిదండ్రులూ చేయవచ్చు. అటువంటి రోజులలో బిడ్డను ఒంటరిగా విడవరాదు.

"చనిపోవాలనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం నిరాధారం. మెల్లగా, సూటిగా అడగడం వలన బిడ్డకు చెప్పుకునే దారి దొరుకుతుంది. చరకుడు చెప్పిన మూడు విధాల చికిత్సలలో 'సత్వావజయం' ఒకటి. మనస్సును అహితమైన విషయాల నుండి మరల్చడం దాని లక్షణం. నేటి కౌన్సెలింగు అదే త్రోవలోనిది. మానసిక వైద్యుని వద్దకు వెళితే పరువు పోతుందని అనుకోవడం మన శాస్త్రానికే విరుద్ధం.

కళాశాలను అడగవలసినవి

భారమంతా ఇంటి మీదనే వేయడం న్యాయం కాదు. కార్పొరేట్ కళాశాలల విద్యార్థుల మరణాల మీద మన రాష్ట్రంలో 2001లో ఆచార్య నీరదారెడ్డి సంఘం, 2017లో ఆచార్య చక్రపాణి సంఘం విచారణ జరిపాయి. సంఘాల నివేదికలు బీరువాలలో ఉండగా పిల్లలు తరగతి గదులలోనే ఉన్నారు.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 5 గంటలకు మించి బోధించరాదని, వారానికొక సెలవు ఉండాలని, ఆ సెలవు మరునాడు పరీక్ష పెట్టరాదని అందులో ఉన్నది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మరింత స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయరాదు. నలుగురిలో అవమానించరాదు.

చేర్చే ముందు ఫీజు రాయితీ ఎంత అని అడిగే మనం ఈ ప్రశ్నలు కూడా అడగాలి. మా బిడ్డ ఎన్ని గంటలు నిద్రపోతుంది? కౌన్సెలర్ పేరేమిటి, ఎప్పుడు కలవవచ్చు? మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారా? ఆదివారం సెలవా, పరీక్షా? బిడ్డ కోరినప్పుడు ఇంటికి ఫోను చేయనిస్తారా? పదిమంది తల్లిదండ్రులు కలసి అడిగితే కాదనే యాజమాన్యం ఉండదు. ఒక్కొక్కరుగా అడగడానికి భయపడుతున్నాము గనుకనే జవాబు రావడం లేదు.

ఫలితం వచ్చిన రోజు

ఫలితాల రోజున ఏమి అనాలో ముందుగానే నిర్ణయించుకోండి. మొదటి మాట "అన్నం తిన్నావా?" అయితే చాలు. బంధువుల ఫోనులకు ఆ రోజు పెద్దలే జవాబు చెప్పాలి. ఇంటర్ తప్పితే ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. కోరిన సీటు రాకపోతే ఎన్నో దారులు ఉన్నాయి. గుంటూరు లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, గన్నవరంలో పశువైద్య కళాశాల, విజయవాడలోనే ప్లానింగ్, ఆర్కిటెక్చర్ విద్యాసంస్థ, డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం. ఈ పేర్లను ఓడిపోయిన తరువాత ఓదార్పుగా చెప్పరాదు. మొదటి సంవత్సరంలోనే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే, సమానమైన దారులుగా ఇంట్లో మాట్లాడుకోవాలి. వెబ్ ఆప్షన్ల వరుస బిడ్డతో కూర్చొని వ్రాయాలి. చదవవలసినది బిడ్డే గనుక, చివరి మాట బిడ్డదే కావాలి.

వరి కోతకు ముందే చేలో మినుములు చల్లడం మన డెల్టా రైతుకు అలవాటు. వరి మీద నమ్మకం లేక అతడు అలా చేయడు. ఒక్క పంట మీదనే ఇల్లు ఆధారపడరాదని అతనికి తెలుసు. చేను విషయంలో ఉన్న ఆ తెలివి బిడ్డల విషయంలో మనకు ఎందుకు లేకపోవాలి?

ఉయ్యూరు అమ్మాయికి ఆ రోజు నేను లేహ్యం ఇవ్వలేదు. స్త్రీవైద్యురాలికి, మానసిక వైద్యునికి చీటీలు వ్రాసి ఇచ్చాను. తల్లికి మాత్రం ఒక మందు చెప్పాను: రోజూ రాత్రి పది నిమిషాలు పాదాలకు నూనె, చదువు మాట లేకుండా. ఆమె కొంత నిరాశతోనే వెళ్ళింది. నెల రోజులు బిడ్డను హాస్టలు నుండి తెచ్చి ఇంట్లోనే ఉంచిందని తరువాత తెలిసింది.

మొన్న ఆ తల్లి తన మోకాలి నొప్పికి వచ్చింది. అమ్మాయికి వైద్యసీటు రాలేదు. ఇప్పుడు వ్యవసాయ శాస్త్రం చదువుతున్నది. "నాలుగో రాత్రి నూనె రాస్తుంటే ఏడ్చింది డాక్టరు గారూ. నేను ఏమీ అనలేదు. అలాగే రాస్తూ కూర్చున్నాను," అని చెప్పింది.

అంతకంటె మంచి వైద్యం నా చేతిలో లేదు.